రంపానికి రెండు గోడలు

ఫొటోలో ఆవిడ చేతులు లేవు.

పొద్దున్నే మిషను ముందు కూర్చుని ఫోను తెరిస్తే, వాళ్లమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో కనిపించింది ఆ ఫొటో. ఏదో పెళ్లిలో తీసింది కాబోలు. పట్టుచీర, మెడలో సన్నటి గొలుసు, కెమెరా వైపు చూడమన్నందుకు విసుక్కుంటున్న మొహం. భుజాల కింద కత్తిరించేసి, అక్కడ పూలదండ బొమ్మ పెట్టి, "అమ్మా, నీ ఆత్మకు శాంతి కలుగుగాక" అని రాశారు. ఆ మాట చదివి నాకు ఏడుపుకంటే ముందు నవ్వొచ్చింది. శాంతంగా కూర్చోమన్న ప్రతి మనిషితోనూ ఆవిడ పోట్లాడింది. నాకు తెలిసిన ఆవిడంతా ఆ చేతుల్లోనే ఉంది. వాటిని తీసేస్తే మిగిలింది ఎవరో షావుకారింటి పెద్దావిడ.

వాళ్లమ్మాయికి ఫోన్ చేశాను. "నిన్న సాయంత్రం అక్కా. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఎలిపోయింది," అంది. ఆ రోజు కుట్టాల్సిన జాకెట్లు పక్కన పెట్టేశాను.

అరసవల్లిలో గుడికి వెళ్లే దారిలో మా దుకాణాలు పక్కపక్కన ఉండేవి. నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. ఆవిడది పటాలు కట్టే దుకాణం. రాష్ట్రం విడిపోవడానికి కాస్త ముందు నేనక్కడ మిషను పెట్టాను. అప్పటికే ఆవిడ భర్త పోయారు. దేవుడి బొమ్మలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, అన్నింటికీ అదే చెక్క, అదే గాజు. మా మధ్య ఉన్నది రేకు గోడ. అటు మేకు కొడితే ఇటు నా గుండీల డబ్బా గలగలలాడేది. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మీ అనేది. మాకు పేర్లతో పని పడలేదు.

ఆవిడ చేతులు వణికేవి. నరాల జబ్బు అన్నారు డాక్టర్లు. మందులు వేసుకుంటే కాస్త తగ్గేది గానీ పూర్తిగా పోయేది కాదు. టీ గ్లాసు నిండా పోస్తే సగం చీర మీద పడేది. అందుకని టీ తెచ్చే మనిషితో ముందే చెప్పేది: "సగం పొయ్యి. అది తాగినాక మిగతా సగం పొయ్యి." అతను అలా రెండుసార్లు పోసేదాకా నిలబడాల్సిందే. ఎవరైనా గ్లాసు పట్టుకుని నోటి దగ్గర పెట్టబోతే ఆ చెయ్యి నెట్టేసేది. భర్త పోయాక కూడా స్టిక్కరు బొట్టు పెట్టుకునేది. తోటికోడలు ఒకసారి నా ముందే అడిగింది, "అందరూ ఏటనుకుంటారక్కా?" అని. ఆవిడ అద్దంలో చూసుకుని, పక్కకి జరిగిన బొట్టుని మధ్యకి జరిపి, "ఐతే ఏటి?" అంది.

ఆ మాట ఆవిడకి ఊతపదం. చేతులు వణుకుతున్నాయమ్మా అంటే, ఐతే ఏటి? వాన పడేటట్టుంది దుకాణం కట్టేద్దాం అంటే, ఐతే ఏటి? గొంతు పెంచి అనేది కాదు. అవతలివాళ్లు నిజంగా జవాబు చెప్పాలన్నట్టు మొహంలోకి చూస్తూ అడిగేది.

భర్త ఉన్నప్పటినుంచీ వాళ్ల దగ్గర చెక్క కోసే పనివాడు ఒకడుండేవాడు. అతనికి విశాఖపట్నంలో ఇళ్ల లోపలి చెక్కపనులు దొరికి వెళ్లిపోయాడు. కొత్త మనిషి కోసం నెల్లాళ్లు చూసింది. ఎవరూ రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం అటువైపు నుంచి రంపం చప్పుడు వినిపించింది. లాగి, ఆగి, మళ్లీ లాగి. అలవాటున్న చెయ్యి చేసే చప్పుడు కాదది. ఏమిటా అని నేను లేచేలోపే ఏదో కిందపడిన శబ్దం.

వెళ్లి చూస్తే ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. కొంగు తడిసి ఎర్రగా అయిపోతోంది. మా ఆయన ఆటో బయటే ఉంది. ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం. బొటనవేలి మొదట్లో కుట్లు పడ్డాయి. నర్సు కట్టు కడుతుంటే ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో బాధ చెప్పుకుంటుందనుకున్నాను.

"సెక్క సూసినావేటి? కోత గీత మీదే ఉన్నాదా, పక్కకెళ్లిపోయిందా?"

"సెక్క నేనెందుకు సూస్తాను పిన్నిగారూ!"

"సూడాలి కదే," అంది విసుగ్గా.

నేను తిరిగొచ్చాక చూశాను. కోత పాములా వంకర్లు పోయి ఉంది.

ఆ సాయంత్రమే మరిది వచ్చాడు. ఆవిడ భర్త తమ్ముడు. ఎదురుగా గాజులూ బొమ్మలూ అమ్మే ఫ్యాన్సీ షాపు అతనిది. చెడ్డవాడని నేను చెప్పను. ఆ చెయ్యి చూసి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను. అయితే ఆ దుకాణం కూడా తన చేతికొస్తే వ్యాపారం పెద్దదవుతుందన్న ఆలోచన అతనికి అన్న పోయినప్పటి నుంచీ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండేవి. రంపాలన్నీ గోనెసంచిలో వేసుకుని పట్టుకుపోయాడు. మూడోనాడు ఆటోలో ఒక పడక కుర్చీ వచ్చింది. టేకుది. వెడల్పాటి చేతులు, మధ్యలో చారల గుడ్డ.

"వదినా, నువ్విక పని సెయ్యొద్దు. ఇందులో కూకుని గుడికెళ్లే జనాన్ని సూసుకో. పండగెళ్లినాక దుకాణం సంగతి నేను సూస్తాను," అన్నాడు.

ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుంది. అదే నాకు ఆశ్చర్యం. ఆ వారం పది రోజులూ ఆవిడని చూడాలంటే నాకే కష్టంగా ఉండేది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఎలాగున్నారమ్మా?" అని గొంతు తగ్గించి అడిగేవారు. అంతకుముందు వాళ్లే పటం ఎప్పుడిస్తావని గట్టిగా కేకలేసేవారు. ఆవిడ ఒళ్లో రెండు చేతులూ వాటి మానాన అవి వణుకుతూ ఉండేవి. గంటలకొద్దీ ఆవిడ వాటినే చూస్తూ కూర్చునేది. దిగులు పడుతోందనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. అవి ఎటు కదులుతున్నాయో చూసుకుంటోంది.

ఒక మధ్యాహ్నం రేకు అవతల కిర్రుకిర్రుమని చప్పుడు. వెళ్లాను. కుర్చీ తలకిందులై ఉంది. ఆవిడ నేల మీద కూర్చుని, స్క్రూడ్రైవరుని రెండు చేతులతో పట్టుకుని కుర్చీ మరలు ఊడదీస్తోంది.

"ఏటి సేస్తన్నారు పిన్నిగారూ?"

"కుర్సీని లేపుతన్నాను. సాలా రోజులైంది కూకుని."

నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఊడదీసిన కుర్చీ చేతులు రెంటినీ నా ముందు పెట్టింది. "సూడు, ఎంత తిన్నగున్నాయో. ఇంత మంచి సెక్క నా మోసేతుల కిందెట్టినాడు." తర్వాత తన కుడిచెయ్యి గాల్లో చాచింది. అది వణుకుతోంది.

"ఇది ఎటు వణుకుతాది సెప్పు."

"అటూ ఇటూ."

"రంపం ఎటు కదలాలి?"

"ముందుకీ యెనక్కీ."

"మరి రంపానికి అటోపక్క ఇటోపక్క గోడలు కట్టేస్తేనో? పక్కకెళ్లడానికి దారి నేదు. వణుకు ఏటి సేస్తాది? ఎటూ ఎల్లలేక రంపంతోపాటే ముందుకీ యెనక్కీ ఎల్తాది. ఎల్లనీ. నాకదే కావాలి." చెయ్యి దించి, "నాకు రంపం కావాలమ్మీ. నానెల్తే ఆ ఇనప కొట్టోడు మా మరిదికి ఫోన్ సేస్తాడు. నిన్నెవరూ అడగరు," అంది.

నాకు ఆ కుట్లు పడిన చెయ్యి గుర్తొచ్చింది. మరిది గుర్తొచ్చాడు. అదే బజారులో నేనూ బతకాలి. అయినా వెళ్లాను. శ్రీకాకుళం పెద్ద బజారులో ఇనుప సామాన్ల కొట్లో చిన్న పళ్ల రంపం ఒకటి, మూలమట్టం ఒకటి కొన్నాను. మూలమట్టమంటే చెక్క మీద నిలువుగా తిన్నటి గీత గీసుకునే ఇనుప కోణం. రెంటినీ జాకెట్టు గుడ్డల మధ్య చుట్టి తెచ్చాను.

ఆ తర్వాత మా ఇద్దరికీ మధ్యాహ్నాలు ఆ పనితోనే గడిచాయి. ఆవిడ అనుకున్నది చాలా మామూలు వస్తువు. గాజు పలకలు వచ్చే పెట్టె చెక్క ఒకటి అడుగున. దానికి రెండు పక్కలా కుర్చీ చేతులు నిలబెట్టి మరలు బిగించడం. పైకప్పు లేని చిన్న కాలవలా ఉంటుంది. కోయాల్సిన చెక్కపట్టీ అందులో పడుకుంటుంది. రెండు గోడలకీ అడ్డంగా సన్నటి చీలికలు ఉంటాయి. రంపం ఆ చీలికల్లోంచే దిగాలి. ఒక జత చీలికలు తిన్నగా, రెండు జతలు ఏటవాలుగా, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. పటం మూలలు కలవాలంటే ఆ ఏటవాలు కోత తప్పదు.

చెప్పడం తేలికే. ఆ మొదటి చీలికలు తిన్నగా కొయ్యడానికి తిన్నగా కోసే సాధనం ఏది? అది చెయ్యడానికే కదా ఈ తంటా. ఆవిడ దానికి ఒక ఉపాయం చేసింది. మూలమట్టంతో గీత గీయించి (గీత నేనే గీశాను), ఆ గీతకి అటూ ఇటూ రెండు తిన్నటి చెక్కముక్కలు పెట్టి, మధ్యలో రంపాన్ని నిలబెట్టింది. రంపం మరీ ఇరుక్కోకుండా రెండు పక్కలా పాత శుభలేఖ ముక్కలు దూర్చి, చెక్కముక్కలకి మరలు బిగించాక ఆ అట్టలు లాగేసింది. అట్టంత సందు మిగిలింది. "ఇంతకన్నా ఎక్కువైతే ఊగుతాది. తక్కువైతే ఉడుంలా పట్టేసుకుంటాది," అంది. రంపానికి కొవ్వొత్తి రుద్ది, పిడిని రెండు చేతులతో పట్టుకుని కోసింది. వణుకు ఆగలేదు. పిడి చివర ఆ చేతులు అదురుతూనే ఉన్నాయి. రంపం మాత్రం గీత మీదే దిగింది.

ఏటవాలు కోతకి గీత ఎలాగన్నదాని గురించి ఆవిడ చాలాసేపు ఆలోచించింది. మేము జాకెట్టుకి పైపింగు గుడ్డ ఏటవాలుగా కత్తిరించడానికి చదరపు గుడ్డని మూల నుంచి మూలకి మడుస్తాం. అదే శుభలేఖ అట్టతో చేసి చూపించాను. ఆవిడ అట్టని తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్లూ గోడవతల కూకుని ఈ ఇద్య దాసుకున్నావేటే?" అంది. ఆవిడ నోట నేను విన్న పెద్ద మెచ్చుకోలు అదే.

మొదటిది పాడైంది. గోడలు కాస్త బయటికి ఒరిగాయి. ఒరిగిన గోడల మధ్య కోసిన కోతా ఒరిగింది. పటం బిగించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నాలుగు మూలల్లోంచీ రోడ్డు కనిపించింది. నేనైతే అక్కడితో ఆపేసేదాన్ని. ఆవిడ మరలన్నీ విప్పి, గోడల మధ్య సరిగ్గా సరిపోయే చెక్కదిమ్మ పెట్టి, దానికి ఆనించి మళ్లీ బిగించింది. పాత చీలికలు పనికిరావని గోడలు తిరగేసి కొత్తగా కోసింది. ఒక చివర చిన్న చెక్కముక్క అడ్డంగా కొట్టింది. పట్టీని దాని దాకా తోస్తే చాలు, అన్నీ ఒకే పొడుగు వస్తాయి, గీత గీసే పని లేదు. పక్కన సన్నటి ముక్క ఒకటి దూర్చి బిగిస్తే పట్టీ కదలదు. రెండు చేతులూ రంపం పిడి మీదే ఉంటాయి. పళ్ల దగ్గరికి ఏ వేలూ వెళ్లక్కర్లేదు.

అలా కట్టిన మొదటి పటం సూర్యనారాయణమూర్తిది. వెలుతురుకి ఎత్తి చూశాం. మూలల్లోంచి ఏమీ కనిపించలేదు.

మరిది ఎలాగూ చూశాడు. ఎదురుగా షాపు పెట్టుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? రోడ్డు దాటి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగాడు.

"కుర్సీ ఏదొదినా?"

"ఉన్నాది. అదిగో, పని సేస్తంది."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తెలిసిన వెంటనే మొహం నల్లబడింది. "నీకేటైనా అయితే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తాది. ఆ వణికే సేతుల్తో రంపమేటొదినా?"

"నానేటి నీ పీక కోస్తన్నానా? సెక్క కోస్తన్నాను. నీకెందుకు భయం?"

మర్నాడు సాయంత్రం అతను బజారు పెద్దలిద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లకి స్టూళ్లు వేసింది. మంచినీళ్లు నన్ను ఇమ్మంది. నేను గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పెద్దాయన, బియ్యం వ్యాపారం చేసే మనిషి, మర్యాదగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ మరిది బెంగెట్టుకున్నాడు. తండ్రిలాటోడు. ఆడి మాట కాదంటే బాగుండదు."

"నాకన్నా సిన్నోడు తండ్రెలాగౌతాడు?"

రెండో ఆయన నవ్వు ఆపుకున్నాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సరే అమ్మా. ఏదీ, మా ముందర ఒకపాలి కోసి సూపించు. బాగా కోస్తే మేమే ఆడికి సర్దిసెప్తాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. సాధనం సిద్ధంగా ఉంది. పట్టీ సిద్ధంగా ఉంది. ఒక్క కోతతో అయిపోతుంది. ఆవిడ కళ్లలోకి చూశాను, లేవండి పిన్నిగారూ అన్నట్టు.

ఆవిడ లేవలేదు.

"సూపించను," అంది.

"ఎందుకమ్మా?"

"ఇరవయ్యేళ్లు మా ఆయన కోసినాడు. ఒక్కనాడైనా వచ్చి, ఏదీ కోసి సూపించమన్నారేటి? ఆయన తర్వాత పనోడు కోసినాడు. ఆడినడిగినారేటి? ఆడి సేతికి రెండు వేళ్లు తెగినాయి ఈ దుకాణంలోనే. అప్పుడు పెద్దలెవరూ రానేదు. నానెందుకు పరీచ్చ ఇవ్వాలి?" చేతులు విపరీతంగా వణుకుతున్నాయి. వాటిని దాచుకోలేదు. మోకాళ్ల మీద అందరికీ కనిపించేలా పెట్టుకుంది. "పటం కావాలంటే కూకోండి, ఇప్పుడే కట్టిస్తాను. పరీచ్చకొస్తే మాత్రం ఎళ్లిరండి."

ఆ పెద్దాయన లేచి, చెప్పులేసుకుని, మరిది భుజం మీద చెయ్యి వేసి, "పదరా, దుకాణం దగ్గర బేరాలుంటాయి," అన్నాడు. అంతే. తీర్పూ లేదు, తగువూ లేదు. వాళ్లు వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను, ఒక్కటి కోసి చూపిస్తే ఏం పోయేదని.

"ఇయ్యాల ఒకటి సూపిస్తే రేపు ఇంకోటి సూపించాలి. ఎల్లుండి సెయ్యి ఇంకా వణికితే అప్పుడు?" అంది.

మరిది ఊరుకోలేదు. ఆవిడ దుకాణానికి కరెంటు అతని షాపు మీటరు నుంచే, రోడ్డు మీదుగా లాగిన వైరుతో వచ్చేది. అన్నదమ్ములు కలిసున్నప్పటి ఏర్పాటు. మర్నాడు పొద్దున్న లైటు వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. లోపల పట్టపగలే చీకటి. అడిగితే, వైరు పాడైంది, మనిషి రావాలి అన్నాడు.

ఆవిడ ఆ చీకట్లోకి కాసేపు చూసి, "రంపానికి కరెంటెందుకు?" అంది. మా ఇద్దరి దుకాణాల ముందు అరుగు మీదికి బల్ల లాగించింది. సాధనాన్ని బల్లకి మరలతో బిగించింది. కొంగు నడుముకి దోపుకుని రోడ్డు మీదే మొదలుపెట్టింది.

రథసప్తమి దగ్గరపడుతున్న రోజులు. గుడికి వెళ్లే జనం, ఆటోలు, పూలమ్మేవాళ్లు. వాళ్లందరి మధ్యా, స్టిక్కరు బొట్టు పెట్టుకుని, కళ్లజోడుకి తాడు కట్టుకుని, రెండు చేతులూ అదురుతూ, చెక్కలు తిన్నగా కోసే పెద్దావిడ. జనం ఆగకుండా ఎలా ఉంటారు? ఆడవాళ్లు ఎక్కువగా ఆగేవారు. కొందరు సాధనంలోకి తొంగిచూసి ఎలా చేశారని అడిగేవారు. వాళ్లకి పని ఆపి చెప్పేది. జాలిపడేవాళ్లంటే మాత్రం గిట్టేది కాదు. శ్రీముఖలింగం నుంచి వచ్చిన పూజారులింటి ఆయన ఒకరు, తండ్రి ఫొటో చేతికిస్తూ, "పాపం తల్లీ, ఈ ఒంటితో ఎంత కష్టం వచ్చింది," అన్నాడు. ఫొటో వెనక్కి ఇచ్చేసింది. "పాపమని కట్టించుకుంటే నాకొద్దు. పటం కావాలని కట్టించుకుంటే ఇవ్వండి." ఆయన తడబడి, "పటమే కావాలమ్మా," అన్నాడు. అప్పుడు తీసుకుంది. ఆయన వెళ్లేటప్పుడు మూలలు తడిమి చూసుకుని మరీ వెళ్లాడు.

ఇదంతా రోడ్డవతల నుంచి మరిది చూస్తూనే ఉండాల్సి వచ్చింది. అతని షాపుకొచ్చిన వాళ్లు గాజులు చూస్తూ వెనక్కి తిరిగి, "ఆ కోసేదెవరండీ?" అని అడుగుతుంటే, "మా ఒదిన," అని చెప్పక తప్పేది కాదు. మొదట గొణిగేవాడు. పోనుపోను గట్టిగానే చెప్పడం మొదలుపెట్టాడు. పండగ ముందురోజు మధ్యాహ్నం స్టూలూ కరెంటు టేపూ పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికెళ్లి స్టూలు వేశాడు. ఆవిడ పని ఆపి వెనకే వెళ్లి స్టూలు పట్టుకుంది.

"ఒగ్గేయొదినా. నీ సేతులు వణుకుతన్నాయి, నాను పడతాను."

"సేతులు వణుకుతాయి. స్టూలు వణకదు. ఎక్కు."

ఎక్కాడు. వైరు కలిపాడు. లైటు వెలిగింది. దిగి, స్టూలు తీసుకుని, వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు. మళ్లీ దుకాణం మాట ఎత్తలేదు. ఆవిడ మాత్రం బల్లని లోపలికి తేలేదు. బయట గాలి బాగుందంది.

అలా కొన్నేళ్లు నడిపింది. చీలికలు అరిగి రంపం ఊగితే, పాత పౌడరు డబ్బా రేకు కత్తిరించి లోపల అంటించేది. గోడలు ఒకసారి మొత్తం మార్చింది. ఎవరింటికెళ్లినా వంకరగా వేలాడే పటం కనిపిస్తే అడక్కుండా వెళ్లి సరిచేసేది. చేతుల అదురుకి అది ఇంకాస్త వంకరయ్యేది. మళ్లీ సరిచేసేది. సరయ్యేదాకా వదిలేది కాదు. మాట మెల్లగా పడిపోయింది. తర్వాత నడక. ఒకరోజు తనే షట్టరు దించి, తనే తాళం వేసింది. "మూసింది నానే. అది గుర్తెట్టుకో," అంది నాతో. గరివిడిలో అల్లుడిది ఫ్యాక్టరీ ఉద్యోగం. కూతురు వచ్చి అక్కడికి తీసుకెళ్లింది. ఆ సాధనం కూడా బండెక్కింది. తర్వాత పిల్లల చదువుల కోసం మేమూ విజయనగరం మారాం.

గరివిడి దగ్గరే కదా అనుకుంటూనే చాలాకాలం గడిపేసి, పోయినేడు ఒక ఆదివారం వెళ్లాను. చిన్న క్వార్టరు. ఆవిడ మంచం మీద ఉంది. ఒళ్లు సగమైపోయింది. మొహంలో కదలిక తగ్గిపోయింది. చేతులు మాత్రం దుప్పటి మీద ఆగకుండా ఆడుతున్నాయి. నన్ను చూసి గుర్తుపట్టింది. ఏమైనా అడుగుతుందేమోనని వంగాను.

"రంపం పట్టగలవా?" అంది. గొంతు గుసగుసలా ఉంది.

కూతురు తల పట్టుకుంది. "అక్కా, నువ్వైనా సెప్పు. నాకు పిచ్చెక్కిపోతంది. బాత్రూంకి ఒక్కర్తే ఎల్తానంటాది. మొన్న పడిపోయింది. నాను పట్టుకుని తీసుకెల్తానంటే ఒప్పుకోదు. డైపర్లు తెస్తే కిటికీలోంచి ఇసిరేసింది."

ఆవిడ కూతురి వైపు చూడనే లేదు. మంచం కింద చూపించింది. సాధనం అక్కడుంది. పక్కన పొడుగాటి టేకు పట్టీ ఒకటి, లావుపాటి చెక్క ఒకటి. మంచం నుంచి బాత్రూం దాకా గోడ పొడుగునా పట్టుకుని నడిచే కమ్మీ కావాలి ఆవిడకి. పట్టీకీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత ఎడం ఉండాలి. ఆ ఎడం కోసం దిమ్మలు కావాలి. అన్నీ ఒకే కొలత, తిన్నటి కోత. ఒక్కటి వంకరపోయినా కమ్మీ కదులుతుంది. కదిలితే మళ్లీ పడిపోవడమే. అల్లుడు తను కోస్తానన్నాడట. సాధనం లేకుండా కంటి అంచనాతో కోసిన ముక్క ఒకటి చూపించాడట. వద్దంది.

జన్మలో నేను రంపంతో ఒక్క చెక్కా కొయ్యలేదు. బల్ల మీద సాధనం పెట్టుకున్నాను. కొవ్వొత్తి రుద్దాను. లావుపాటి చెక్కని అడ్డుముక్క దాకా తోసి బిగించాను. మొదటి లాగుకే రంపం పట్టేసింది.

"నొక్కకు," అంది మంచం మీద నుంచి. "దాని బరువు దానికి సాలు."

నొక్కడం మానేశాను. రంపం దిగింది. దిమ్మ తెగి కిందపడింది. తీసి ఆవిడ చేతికిచ్చాను. కోసిన వైపు బొటనవేలితో తడిమింది, అదురుతున్న వేలితోనే, చాలాసేపు. బాగుందని అనలేదు.

"ఇంకోటి," అంది.

అన్నీ అయ్యేసరికి నా భుజం పడిపోయింది. ఇల్లంతా చెక్కపొట్టు. అల్లుడు డ్రిల్లుతో గోడకి కంతలు పెట్టాడు. దిమ్మలు బిగించి, వాటి మీద పట్టీ పెట్టి మరలు తిప్పాం. నేను దాని మీద నా బరువంతా వేసి చూశాను. కదల్లేదు.

ఆవిడ అప్పటికే కాళ్లు కిందపెట్టింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. లేచి నిలబడి, కమ్మీ పట్టుకుంది. చేతులు దాని మీద అదురుతుంటే పట్టీ అంతా సన్నగా మోగింది. అడుగు వేసింది. ఆగింది. మళ్లీ వేసింది. మేం ముగ్గురం వెనకే వెళ్తుంటే తిరిగి చూసి, "ఊరేగింపేటి?" అంది. అక్కడే ఆగిపోయాం.

బాత్రూంలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

"అమ్మా, గెడ పెట్టకు! పడిపోతే మేం లోపలికి రాలేం!" కూతురు తలుపు దగ్గరికి పరుగెత్తి అరిచింది.

లోపల గెడ కదులుతున్న చప్పుడు. వణికే చేతికి అది వెంటనే దొరకలేదు. ఇనుము ఇనుముకి తగిలి టకటకలాడింది. ఆగింది. మళ్లీ టకటకలాడింది. కూతురు తలుపు నెట్టబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

కాసేపటికి గెడ పడింది.